కారు లేకుండా, మూడేళ్ళవాణ్ణి భయపెట్టకుండా న్యూయార్క్‌లో హాలోవీన్

అమ్మా, మీరు రాసింది చదువుతుంటే మా మొదటి అక్టోబర్ గుర్తొచ్చింది. మీరు జూన్‌లో హైదరాబాద్ నుంచి న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ వచ్చారు, ఎల్మ్‌హర్స్ట్‌లో ఆరంతస్తుల అపార్ట్‌మెంట్, కారు లేదు, గుడ్డు కూడా తినని ఇల్లు. ఎనిమిదేళ్ళ అమ్మాయి "అందరూ వెళ్తున్నారు, మనమెక్కడికి వెళ్తున్నాం" అని రోజూ ప్రాణం తీస్తోంది. మూడేళ్ళవాడు మందుల షాపు గుమ్మంలో నవ్వే అస్థిపంజరాన్ని చూసి జడుసుకుని, వారం నుంచి ఆ వీధిలోకే రానంటున్నాడు. ఇద్దరినీ కలిపి ఎక్కడికి తీసుకెళ్ళాలి, పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి క్యాండీ అడిగే హాలోవీన్ రోజున, అంటే అక్టోబర్ 31న, ఏం చెయ్యాలి అని కదా మీరు అడిగింది. నేను ఇదే క్వీన్స్‌లో 14 ఏళ్ళుగా ఉంటున్నాను, ఇద్దరు పిల్లల్ని ఇక్కడే పెంచాను. మాకూ మొదటి ఆరేళ్ళు కారు లేదు.

ముందే చెప్పేస్తాను: అక్టోబర్ 31 సాయంత్రం రైలెక్కకండి. తిరగాల్సినవన్నీ అంతకుముందు శని, ఆదివారాల్లో తిరిగేయండి. ఆ రోజు మాత్రం మీ బిల్డింగ్, మీ పేట, అంతే. కొత్తగా వచ్చినవాళ్ళంతా దీన్ని తిరగేసి చేస్తారు. నెలంతా ఊరుకుని, 31న మాన్‌హాటన్ వెళ్ళి గ్రీనిచ్ విలేజ్ పరేడ్ చూద్దామనుకుంటారు. ఆ పరేడ్ గొప్పదే, కాదనను. సిక్స్త్ అవెన్యూ మీద రాత్రి ఏడు గంటలకి మొదలవుతుంది, మనిషికి రెండింతలుండే బొమ్మలు, బ్యాండ్లు, వేలమంది వేషాలు. కానీ మూడడుగుల పిల్లవాడికి అక్కడ కనిపించేది ముందు నిలబడ్డవాళ్ళ నడుములే. బారికేడ్ల మధ్య ఇరుక్కున్నాక "అమ్మా, బాత్‌రూమ్" అంటే మీ పని అయిపోయినట్టే. మీ అమ్మాయికి పన్నెండేళ్ళు వచ్చాక తీసుకెళ్ళండి. తమాషా ఏమిటంటే, ఆ పరేడ్ కూడా పేటలోనే పుట్టింది. 1970ల్లో రాల్ఫ్ లీ అనే ముసుగులు, బొమ్మలు చేసే కళాకారుడు తన పిల్లల కోసం, వాళ్ళ స్నేహితుల కోసం ఇంటింటికీ తిరిగే ఊరేగింపుగా మొదలుపెట్టాడు. మనం ఆ మొదటి ఏడాది దగ్గరే ఆగుదాం.

ఇక శని, ఆదివారాలు. మీకైతే మొదట వెళ్ళమనేది క్వీన్స్ కౌంటీ ఫార్మ్ మ్యూజియం. ఊరి బయట కాదు, మన క్వీన్స్‌లోనే, తూర్పు చివర గ్లెన్ ఓక్స్ దగ్గర. 47 ఎకరాలు, 1697 నుంచి సాగులో ఉన్న నేల. రూజ్‌వెల్ట్ అవెన్యూ స్టేషన్‌లో ఇ (E) రైలు గానీ ఎఫ్ (F) రైలు గానీ ఎక్కి క్యూ గార్డెన్స్-యూనియన్ టర్న్‌పైక్‌లో దిగండి, క్యూ 46 బస్సు పట్టుకుని లిటిల్ నెక్ పార్క్‌వే దగ్గర దిగితే ఉత్తరం వైపు కాసేపు నడక. 44 అంగుళాల లోపు పిల్లలకి రైల్లోనూ బస్సులోనూ టికెట్ లేదు కాబట్టి చిన్నవాడు ఉచితమే, అమ్మాయికి మాత్రం తియ్యాలి.

అక్కడ మూడెకరాల మొక్కజొన్న చేను ఉంటుంది. చేలో దారులు కోసి పద్మవ్యూహంలా చేస్తారు, లోపల గుర్తులు వెతుక్కుంటూ బయటికి రావాలి. మీ అమ్మాయి వయసుకి సరిగ్గా సరిపోతుంది. చిన్నవాణ్ణి లోపలికి తీసుకెళ్తే పది నిమిషాల్లో ఎత్తుకోమంటాడు. మీరిద్దరూ పంచుకోండి, ఒకరు అమ్మాయితో చేలోకి, ఒకరు వాడితో గొర్రెల దగ్గరికి. గడ్డిమోపుల బండి మీద ఒక చుట్టు తిప్పుతారు, గుమ్మడికాయలు ఏరుకునే చోటు వేరే ఉంటుంది. చేనుకి టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. అక్టోబర్ మూడో వారం తర్వాత గుమ్మడికాయల దగ్గర తిరనాళ్ళే, అందుకని మొదటి రెండు వారాల్లో, ఉదయం తెరిచే వేళకే వెళ్ళడం మేలు. వాన పడి ఉంటే పాత బూట్లు వెయ్యండి, నల్లటి బురద అంత తేలిగ్గా వదలదు. మన పెసరట్టో చపాతీ కూరో డబ్బాలో పెట్టుకెళ్ళండి, అక్కడ తినడానికి దొరికేవాటిలో మనకి పనికొచ్చేవి తక్కువ.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. పేరెందుకు గానీ, ఊరికి గంటన్నర దూరంలో ఒక తోటకి స్నేహితుల కారులో వెళ్ళాం. టికెట్ మీద 'హాంటెడ్ హేరైడ్' అని ఉంది. హేరైడ్ అన్నది చూశాను, ముందున్న మాట పట్టించుకోలేదు. చీకట్లో గడ్డి బండి మీద కూర్చున్నాం. మలుపులో ఒకడు రంపం మిషన్ ఆన్ చేసి బండి మీదికి దూకాడు. గొలుసు తీసేసిన ఉత్త మిషనే, నాటకమే. కానీ మా వాడికి అప్పుడు ఐదేళ్ళు, ఆ తర్వాత రెండు నెలలు ఇంట్లో మిక్సీ వేసినా చెవులు మూసుకున్నాడు. 'హాంటెడ్', 'స్కేర్', 'టెర్రర్' అన్న మాట టికెట్ మీద ఎక్కడ కనిపించినా మీకు కాదు. 'హార్వెస్ట్', 'ఫాల్ ఫెస్టివల్', 'నాట్ సో స్పూకీ' అని ఉంటే వెళ్ళొచ్చు. చీకటి పడ్డాక జరిగేదా, పగటిపూటదా అన్నది కూడా అంతే ముఖ్యం.

రెండోది మాన్‌హాటన్‌లోని సెంట్రల్ పార్క్, కానీ అందరూ వెళ్ళే కింది భాగం కాదు. సి రైల్లో (సోమవారం నుంచి శుక్రవారం దాకా బి కూడా) 103వ వీధి స్టేషన్‌లో దిగి లోపలికి వెళ్తే 'ది పూల్' అని చిన్న చెరువు. గట్టున చెట్లు ఎరుపు, నారింజ, ఇటుక రంగు. నీళ్ళలో వాటి నీడలు. అక్కడి నుంచి 'లాక్' అనే వాగు వెంట నడవండి, చిన్న చిన్న జలపాతాలు తగులుతాయి, పెద్ద రాళ్ళు పేర్చి కట్టిన హడిల్‌స్టోన్ ఆర్చ్ కింద నుంచి బయటపడతారు, ఎదురుగా 110వ వీధి దగ్గర హార్లెమ్ మీర్ అనే పెద్ద చెరువు. మూడేళ్ళవాడు పుల్లలు ఏరుకుంటూ నడిచినా గంటకి మించదు. పిల్లలకి ఒక పని పెట్టండి, ఏడు రంగుల ఆకులు ఏడు తేవాలని. మా అమ్మాయి తెచ్చిన ఒక మేపుల్ ఆకు ఇప్పటికీ మా పెద్దబాలశిక్షలో ఉంది, రంగు పోయి కాఫీ మరకలా అయింది గానీ ఈనెలు చెక్కుచెదరలేదు.

ఆ హార్లెమ్ మీర్‌లోనే అక్టోబర్ చివర ఒక సాయంత్రం గుమ్మడికాయల తెప్పోత్సవం లాంటిది చేస్తారు. పళ్ళికిలించే ముఖాలు చెక్కిన గుమ్మడికాయల్లో దీపాలు పెట్టి, మసక చీకటి పడే వేళకి నీళ్ళ మీదికి వదులుతారు. మన కార్తీక దీపాలు వదిలినట్టే ఉంటుంది, కాకపోతే ఈ దీపాలకి పళ్ళుంటాయి. హాలోవీన్ వేడుకల్లో భయపడే పిల్లవాడికి చూపించదగ్గది ఇదేనని నా అభిప్రాయం. దూరంగా, నీళ్ళ మీద, నెమ్మదిగా కదులుతాయి, మీదికి వచ్చేదేదీ లేదు. ఏటా తేదీ మారుతుంది, పార్కును చూసుకునే సెంట్రల్ పార్క్ కన్సర్వెన్సీ వాళ్ళ సైట్‌లో చూసుకోండి.

ఆకుల రంగుల గురించి చాలామంది తొందరపడతారు. కొండలున్న ఉత్తరం వైపు అక్టోబర్ మధ్యకే రంగులు ముదురుతాయి గానీ ఊళ్ళో మాత్రం అక్టోబర్ ఆఖరు, నవంబర్ మొదటి వారాలు. పార్కులో 'మాల్' అనే నడవ పొడుగునా ఉన్న ఎల్మ్ చెట్లు పసుపు తిరిగేది నవంబర్‌లోనే. హాలోవీన్ అయిపోయిందని ఇంట్లో కూర్చోకండి.

బ్రాంక్స్ జూలో శని, ఆదివారాల్లో 'బూ ఎట్ ద జూ' ఉంటుంది. బాగుంటుంది, పిల్లలకి జంతువులూ వేషాలూ రెండూ దొరుకుతాయి, కానీ 265 ఎకరాలు, స్ట్రోలర్ (పిల్లల తోపుడు బండి) లేకుండా వెళ్ళకండి. బుధవారాలు 'ఇష్టమొచ్చినంత ఇవ్వండి' టికెట్ ఉంది, ముందు బుక్ చెయ్యాలి, కానీ అది హాలోవీన్ వేడుక ఉండే రోజు కాదు. రెండూ ఒకే రోజు దొరుకుతాయని అనుకోకండి.

కొంచెం దూరమైనా సరే అనుకుంటే హడ్సన్ నది వెంట మెట్రో-నార్త్ రైలు. గ్రాండ్ సెంట్రల్‌లో ఎక్కి ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చోండి, నది పక్కనే వస్తుంది, ఆ ప్రయాణమే సగం విహారం. టారీటౌన్‌లో దిగితే పక్కనే స్లీపీ హాలో, గుర్రం మీద తిరిగే తల లేని రౌతు కథ పుట్టిన చోటు. ఒకప్పుడు నార్త్ టారీటౌన్ అనేవారు, 1996లో ఆ కథ పేరే ఊరికి పెట్టుకున్నారు. ఆ లైన్లోనే ఇంకొంచెం ముందుకెళ్తే క్రోటన్-హార్మన్ స్టేషన్, అక్కడ వాన్ కోర్ట్‌లాండ్ మేనర్‌లో 'గ్రేట్ జాక్ ఓ లాంటర్న్ బ్లేజ్'. ఏడు వేలకి పైగా చెక్కిన గుమ్మడికాయలు చీకట్లో వెలుగుతుంటాయి. భయపెట్టే మనుషులు ఉండరు. టికెట్ ఖరీదెక్కువ, వారాంతాలు ముందే అయిపోతాయి, నది ఒడ్డున చలి కొరుకుతుంది. ఈ ఏడాదికి వదిలేసినా పర్వాలేదు.

ఇంటి గుమ్మడికాయ సంగతి. పొలం నుంచి ఒకటి మోసుకొస్తే చాలు, మిగతావి సూపర్‌మార్కెట్‌లో చవక. మొదటి ఏడాది మేం 20వ తేదీనే చెక్కేసి కిటికీలో పెట్టాం. పాత బిల్డింగుల్లో కిటికీ కిందే హీటర్ రేడియేటర్ ఉంటుంది, అక్టోబర్ 1 నుంచి హీటింగ్ సీజన్. 26కల్లా దాని ముఖం బోసినోటి ముసలమ్మలా లోపలికి ముడుచుకుంది, లోపలంతా బూడిదరంగు బూజు. మూత తీస్తే వంటింటి నిండా చిన్న దోమలు. 29న గానీ 30న గానీ చెక్కండి, అంతవరకు కాయని కాయగా ఉంచి పిల్లల చేత రంగులు వేయించండి.

చెక్కేటప్పుడు నేల మీద పాత పేపర్లు పరిచి కూర్చోండి. మూత నిలువుగా కొయ్యకుండా కత్తి ఏటవాలుగా లోపలికి వంచి కోస్తే మూత లోపలికి జారిపోదు. మన కూరల కత్తి వద్దు, మందుల షాపుల్లో దొరికే పిల్లల రంపం చాలు, కోసేది మాత్రం మీరే. గుజ్జు తోడే పని చిన్నవాడికివ్వండి. చెయ్యి మోచేతి దాకా లోపల పెట్టి పీచు పీకినప్పుడు వాడి మొహం చూడాలి, అసహ్యం, ఆనందం రెండూ ఒకేసారి. గింజలు కడిగి ఆరబెట్టి, నూనె, ఉప్పు, కారం పట్టించి ఓవెన్‌లో దోరగా వేయిస్తే సాయంత్రం టీలోకి బాగుంటాయి. కాయతో దప్పళం పెట్టాలని మాత్రం చూడకండి. చెక్కే కాయ ఉత్త నీళ్ళు, పీచు, రుచి లేదు. దప్పళానికి బటర్‌నట్ గానీ కబోచా గానీ, కూరకి పనికొచ్చే గుమ్మడి రకాలు, కొనుక్కోండి. మా అత్తగారు వచ్చిన ఏడాది వీధి పొడుగునా గుమ్మాల ముందు గుమ్మడికాయలు చూసి "ఇంతమందికి దిష్టి తగిలిందేమిటే" అన్నారు. లోపల వొత్తి వెలిగించొద్దు, బ్యాటరీ దీపం పెట్టండి.

మీవాడి భయం గురించి. భయం పోగొట్టాలని బలవంతంగా ఆ అస్థిపంజరం దగ్గరికి లాక్కెళ్ళకండి. అవి చాలావరకు మనిషి కదలిక పసిగట్టి నవ్వే బొమ్మలు, వాడు దాటినప్పుడే నవ్విందంటే వాడి కోసమే నవ్విందనుకుంటాడు. మేం చేసింది ఏమిటంటే, పగలు కొట్టులోకి తీసుకెళ్ళి, బొమ్మ వెనకాల స్విచ్ చూపించి, వాడి చేతే ఆపించాం. పదిసార్లు ఆపాడు, పదకొండోసారి దానికి "గుడ్‌నైట్" చెప్పాడు. ఇంట్లో వేషాలు కూడా వాడి కళ్ళ ముందే వేసుకోండి. నాన్న గదిలోకెళ్ళి రాక్షసుడై బయటికొస్తే రాక్షసుడే వచ్చాడు. అదే వాడి ఎదురుగా మూతికి రంగు రాసుకుంటే ఆ రంగు నాకూ రాయమంటాడు.

వేషం ఒక సైజు పెద్దది కొనండి, లోపల థర్మల్స్, అంటే చలి ఆపే లోదుస్తులు, పట్టాలి. లేదంటే నలభై డాలర్ల యువరాణి గౌను మీద జాకెట్ తొడిగి, అమ్మాయి కన్నీళ్ళు తుడుచుకుంటూ తిప్పాల్సి వస్తుంది. ముఖం మూసే ముసుగులు, ఆట కత్తులు చాలా బళ్ళలో తేనివ్వరు, బడి నుంచి వచ్చే కాగితం చదవండి. మా వాడు ఒక ఏడాది ఘటోత్కచుడి వేషం వేశాడు, అట్ట గద బడి సంచిలోనే ఉండిపోయింది. ఎవరికీ అర్థం కాలేదు, 74వ వీధిలో ఒక మిఠాయి కొట్టాయనకి తప్ప. ఆయన లేచి నిలబడి దణ్ణం పెట్టి రెండు లడ్డూలిచ్చాడు.

ఇప్పుడు 31. సూర్యాస్తమయం ఆరుకి పది నిమిషాల ముందు. చిన్నవాడితో నాలుగున్నరకే బయల్దేరండి, వెలుగుండగానే వాడి వంతు ముగించి ఆరున్నరకి ఇంటికొచ్చేయండి. ఆ తర్వాత అమ్మాయిని తీసుకుని వాళ్ళ నాన్న రెండో విడత వెళ్తారు, మీరు ఇంటి దగ్గర ఉండి వచ్చే పిల్లలకి పంచుతారు.

మీ బిల్డింగ్‌లో లాబీలోనో లాండ్రీ గదిలోనో అక్టోబర్ ఆఖరి వారంలో ఒక కాగితం అంటిస్తారు, పిల్లలు తలుపు కొట్టొచ్చు అనుకున్న ఇళ్ళవాళ్ళు ఫ్లాట్ నంబర్ రాస్తారు. ఆ నంబర్లే తట్టాలి. కాగితం లేకపోతే సూపర్‌ని, అంటే బిల్డింగ్ బాగోగులు చూసే మనిషిని, అడిగి మీరే అంటించండి, నేనలాగే మొదలుపెట్టాను, మొదటి ఏడాది నాలుగు నంబర్లు, ఇప్పుడు రెండు పేజీలు. పై అంతస్తు దాకా లిఫ్ట్‌లో వెళ్ళి మెట్లు దిగుతూ రండి. వీధుల్లో అయితే దీపం వెలుగుతూ గుమ్మడికాయ ఉన్న గడపే తొక్కాలి, చీకటిగా ఉన్న ఇల్లు వద్దన్నట్టే. "ట్రిక్ ఆర్ ట్రీట్" అనాలి, ఒకటే తీసుకోవాలి, థాంక్యూ చెప్పాలి. మెట్ల మీద మనిషి లేకుండా గిన్నె పెట్టి ఉన్నా ఒకటే.

మీకు నడిచే దూరంలో జాక్సన్ హైట్స్ ఉంది. 37వ అవెన్యూ మీద సాయంత్రం పిల్లల పరేడ్ జరుగుతుంది, అందులో ఎవరైనా నడవొచ్చు. చూడ్డం కాదు, నడవండి. 34వ అవెన్యూ కార్లు లేని ఓపెన్ స్ట్రీట్, స్ట్రోలర్‌తో హాయిగా తిరగొచ్చు. నగరం 2022 నుంచి 'ట్రిక్ ఆర్ స్ట్రీట్స్' పేరుతో ఆ పూట కొన్ని వీధుల్లో కార్లు ఆపుతోంది, దగ్గర్లో ఏవో చూసుకోండి. అవెన్యూల మీద కొట్లవాళ్ళు కూడా క్యాండీ ఇస్తారు, మెట్లెక్కే పని లేదు కాబట్టి మూడేళ్ళవాడికి ఇళ్ళకన్నా కొట్లే నయం. మొహమాటపడకండి. మా అమ్మమ్మ చెప్పేది, వాళ్ళ ఊళ్ళో దసరాకి పంతులుగారి వెంట పిల్లలు విల్లంబులు పట్టుకుని ఇంటింటికీ తిరిగి పప్పుబెల్లాలు తెచ్చుకునేవాళ్ళని. ఇదీ అదే.

క్యాండీ. ఇంటికి రాగానే మంచం మీద పాత దుప్పటి పరిచి సంచి మొత్తం కుమ్మరిస్తాం. మీ ఇంటికి రెండు గీతలు ముఖ్యం, జెలటిన్, గుడ్డు. క్యాండీ కార్న్, స్టార్‌బర్స్ట్, మార్ష్‌మాలో, హరిబో లాంటి జిగురు బొమ్మల్లో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకల నుంచీ చర్మం నుంచీ వచ్చేది. స్నికర్స్, మిల్కీ వే, త్రీ మస్కెటీర్స్‌లో గుడ్డు తెల్లసొన ఉంటుంది, ఇది మనవాళ్ళలో చాలామందికి తెలియదు. కిట్‌క్యాట్, రీసెస్ కప్పులు, స్కిటిల్స్, సోర్ ప్యాచ్ కిడ్స్‌లో ఈ రెండూ లేవు. అయితే తయారీ మారుతుంటుంది, చిన్న ప్యాకెట్ మీద వివరాలు ఉండవు కూడా, అనుమానమొస్తే ఫోన్‌లో వెతకండి. పక్కన పెట్టినవి లాక్కోవద్దు, బేరం పెట్టండి. మా ఇంట్లో అమ్మ దుకాణం ఉండేది, తినకూడనివి రెండిస్తే నా సీసాలోంచి తినేది ఒకటి. మా అమ్మాయికి కూడికలకన్నా ముందు బేరం వచ్చింది. చిన్నవాడికి గట్టి క్యాండీలు, గుండ్రటివి, పల్లీలు ఉన్నవి ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి.

కొన్ని గుమ్మాల్లో నీలం-ఆకుపచ్చ కలిసిన రంగు గుమ్మడికాయ కనిపిస్తుంది. అలర్జీ ఉన్న పిల్లల కోసం ఆ ఇంట్లో తిండి కాని బహుమతులు, స్టిక్కర్లు, పెన్సిళ్ళు ఉన్నాయని గుర్తు. మీరు పంచేటప్పుడు కూడా ఒక గిన్నెలో పెన్సిళ్ళు పెట్టి అలాంటి కాయ ఒకటి బయట పెట్టొచ్చు, శాకాహారం లెక్కలు చూసుకునే పని కూడా తప్పుతుంది.

కొన్నేళ్ళు దీపావళి కూడా దీని మీదే పడుతుంది. 2024లో సరిగ్గా 31నే వచ్చింది, మర్నాడు నవంబర్ 1న నగరం బడులన్నిటికీ దీపావళి సెలవిచ్చారు, బడి క్యాలెండర్‌లో అలా సెలవు రావడం అదే మొదటిసారి. మా కిటికీలో ఒక పక్క ప్రమిదలు, ఒక పక్క పళ్ళికిలించే కాయ. కాకరపువ్వొత్తులు మాత్రం వెలిగించకండి, న్యూయార్క్ నగరంలో అవీ నిషేధమే, పైగా ఆ వేషాల గుడ్డ ఒక్క నిప్పురవ్వకి అంటుకుంటుంది.

నవంబర్ మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు, ఆ తర్వాత ఐదు కాకుండానే పొద్దుగుంకుతుంది. కాబట్టి హాలోవీన్ తర్వాతి వారాంతం పగలే ఒక పని పెట్టుకోండి. పార్కుల్లో 'పంప్కిన్ స్మాష్' అని, పాత గుమ్మడికాయల్ని పిల్లల చేత పగలగొట్టించి ఎరువుకి పంపుతారు. మీవాడికి అదే అన్నిటికన్నా నచ్చుతుందని పందెం. కుదరకపోతే బిల్డింగ్‌లో ఎరువుకి పంపే చెత్త వేసే బ్రౌన్ బిన్‌లో వెయ్యండి, బ్యాటరీ దీపం తీసేసి. ఆ వారాంతంలోనే మందుల షాపులో వేషాలు సగం ధరకి వస్తాయి, వచ్చే ఏడాదికి రెండు సైజులు పెద్దవి కొనిపెట్టుకోండి. ఏ వేషం కావాలో అమ్మాయిని మాత్రం అప్పుడు అడగొద్దు, ఆగస్టుకి మారిపోతుంది.